సంఘంలో కాబోయే పెద్దలను గుర్తించి తీర్చిదిద్దడం ఎలా?

ఆదివారం ఆరాధన ముగిశాక, సంఘ కాపరి (పాస్టర్) వెంటనే గుమ్మం దగ్గరికి వెళ్లకుండా ఒక పావుగంట మందిరంలోనే కూర్చుని చూడాలి. చాపలు చుట్టేది ఎవరు, మైకు వైర్లు సర్దేది ఎవరు, మూడు వారాలుగా మందిరానికి రాని ముసలమ్మ గురించి ఆరా తీసేది ఎవరు అన్నది అప్పుడే తెలుస్తుంది. చక్కగా పాడేవారిని, బిగ్గరగా ప్రార్థించేవారిని, కానుకలు ఎక్కువగా ఇచ్చేవారిని పెద్దలుగా నిలబెట్టే అలవాటు మన సంఘాల్లో పాతుకుపోయింది. పాటా ప్రార్థనా మంచివే గానీ, మనుషుల బాగోగులు చూసే బాధ్యతకు అవి కొలతలు కావు. కనీసం మూడు నెలల పాటు, ఎవరికీ చెప్పకుండా, ఎవరూ అడగకుండానే పని అందుకుంటున్నవారి పేర్లు ఒక పుస్తకంలో రాసుకోండి.

రెండవ పని, ఆ పేర్లను మీలోనే దాచుకోకుండా సంఘాన్ని అడగడం. బైబిల్లోని అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో, అనుదిన పరిచర్యలో, అంటే రోజువారీ ఆహార పంపిణీలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు, అపొస్తలులు తామే మనుషులను ఎంచుకోకుండా, మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచుకొమ్మని శిష్యులకే అప్పగించారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే కావడం గమనించదగిన విషయం. అన్యాయం జరిగిందన్న పక్షం నుంచే ఎక్కువమంది వచ్చి ఉంటారని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఇది మన ఊళ్లకు సూటిగా తగిలే పాఠం. కమిటీలో ఒకే ఇంటిపేరు నాలుగుసార్లు కనిపిస్తున్నా, ఊరిలోని ఒక పేట నుంచి ఒక్కరూ లేకపోయినా, వెనుక వరుసలో కూర్చునేవారి సణుగుడును తిరుగుబాటుగా కొట్టిపారేయకుండా, అక్కడ ఎవరున్నారో వెతకాలి. ఆడవారి విషయంలోనూ ఇదే చూపు కావాలి. ఉపవాస ప్రార్థనలు నడిపేది, ఇంటింటికీ తిరిగి రోగులను పలకరించేది ఎక్కువగా వారే అయినా, లెక్కల దగ్గరికి, నిర్ణయాల దగ్గరికి వచ్చేసరికి వారి పేర్లు మాయమవుతాయి. దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) ఇ. పుష్పలలిత 2013లో నంద్యాల అధ్యక్ష ఖండానికి (డయోసిస్‌కు) బిషప్ అయి, ఆ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి మహిళగా నిలిచారు. ఇంత జరిగాక కూడా, గ్రామ సంఘంలో కోశాధికారిగా ఒక స్త్రీని పెట్టడానికి తటపటాయించడం నాకు అర్థం కాదు.

మూడవది పరీక్ష. బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) మూడవ అధ్యాయం అధ్యక్షుడు, అంటే సంఘాన్ని పైనుండి చూసుకునేవాడు, కొత్తగా చేరినవాడై ఉండకూడదని, పరిచారకులు (డీకన్లు) మొదట పరీక్షింపబడాలని, అధ్యక్షుడికి సంఘానికి వెలుపలివారి వద్ద కూడా మంచి పేరుండాలని చెబుతుంది. ఈ చివరి మాటను మనం తేలికగా దాటేస్తాం. ఆ మనిషి అప్పు తెచ్చుకున్న కొట్టువాడు, పొరుగింటివారు, కూలికి పిలిచే రైతు ఏమంటారో నెమ్మదిగా తెలుసుకోవాలి.

ఆ తరువాత చిన్న పని, గడువుతో సహా, అప్పగించాలి. "మీరు నాయకులుగా ఎదగాలి" అని సాధారణంగా చెబితే ఎవరికీ ఏమీ పట్టుబడదు. నాలుగు వారాల గృహ కూటం, ఒక నెల కానుకల లెక్క (ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కించి ఇద్దరూ సంతకం చేయాలి), సండే స్కూల్‌లో ఒక తరగతి ఇలా ఇవ్వండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లి, రోగి పక్కన ఎంతసేపు మౌనంగా ఉండాలో చూపించండి. ప్రసంగంతో నేర్పలేని సంగతులు దారిలో నేర్పవచ్చు. తప్పు జరిగితే నలుగురిలో కాకుండా ఇంటికి వెళ్లి చెప్పండి, బాగా చేస్తే మాత్రం అందరి ఎదుట చెప్పండి.

తెలుగు నేల మీద సంఘం నిలబడిందే ఈ పద్ధతి మీద. తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య, పందొమ్మిదవ శతాబ్దంలో ఒంగోలు ప్రాంతపు పల్లెల్లో తనవారికి సువార్త చెప్పి, మిషనరీ జాన్ క్లౌ పనికి దారి వేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతమందిని కాయడం కొద్దిమంది మిషనరీలకు సాధ్యమయ్యే పని కాదు, ఊరి మనుషులే ఊరి సంఘాలను మోయవలసి వచ్చింది. 1912లో దోర్నకల్‌కు బిషప్‌గా వచ్చిన వి. ఎస్. అజరయ్య కూడా తన పనిని గ్రామ ఉపదేశకుల మీదే ఆనించాడు.

చివరి మెట్టు కాపరికే కష్టమైనది. నేర్చుకున్నవారు తనకన్నా బాగా చేస్తారేమో, జనం అటు మొగ్గుతారేమో అన్న భయం వల్ల చాలామంది తాళంచెవులు వదలరు. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. ఒక ఆదివారం ముందుగా చెప్పి ఊరు వదిలి వెళ్లండి, ఆరాధన మొత్తం వారికే అప్పగించండి, మధ్యలో ఫోన్ చేయకండి. తిరిగి వచ్చాక ఎక్కడ తడబడ్డారో వారినే చెప్పనివ్వండి. ఏదైనా చెడినా ఆ పనిని వెనక్కి తీసుకోకుండా, వచ్చే నెల అదే పని అదే మనిషికి మళ్లీ ఇవ్వండి.