పిడుదు కుట్టిందా? అమెరికాలో ఉన్న మనవాళ్ళు లైమ్ జబ్బు గురించి తెలుసుకోవాల్సినవి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ వైపు ఉండేవాళ్ళు సమ్మర్‌లో ట్రెయిల్‌కో పార్కుకో వెళ్ళొస్తే రాగానే పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో, గజ్జల్లో, జుట్టులో వెతకండి, లైమ్ (పిడుదు కాటుతో వచ్చే బ్యాక్టీరియా జబ్బు) అంటించే పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది. కనిపిస్తే వ్యాజలిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం అస్సలొద్దు, సన్న ట్వీజర్స్‌ని చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగి, సబ్బుతో కడిగేయండి. 36 గంటలకి పైగా పట్టుకుని ఉందనిపిస్తే, తీసిన 72 గంటల్లోపు డాక్టర్‌ని అడగండి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోస్ ఇవ్వొచ్చు.

తర్వాత 30 రోజులూ ఒళ్ళు గమనించుకోండి. లైమ్ సోకితే ఒంటి మీద వచ్చే మచ్చ అందరికీ గూగుల్ ఫోటోల్లోలా ఎర్ర రింగులా రాదు, మన చామనఛాయ ఒంటి మీద కమిలినట్టు ఉండొచ్చు, పెన్నుతో అంచు గీసి చూడండి, గీత దాటి పెరుగుతుంటే వెంటనే వెళ్ళండి. మొదటి వారాల్లో యాంటీబాడీలు సరిగా తయారవ్వవు కాబట్టి బ్లడ్ టెస్ట్ నెగెటివ్ అని ధీమాగా ఉండొద్దు, మచ్చ చూసే మందు మొదలుపెడతారు. పెద్దవాళ్ళకి మామూలుగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు 10 రోజులు, గర్భిణులకైతే అమాక్సిసిలిన్.

అరుదే గానీ భయపడాల్సింది గుండెకి పాకితే. కళ్ళు తిరిగి పడిపోవడం, దడ, ఆయాసం ఉంటే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళి, పిడుదు సంగతి మీరే ముందు చెప్పి ఈసీజీ అడగండి, హార్ట్ బ్లాక్ (గుండె కొట్టుకునే సిగ్నల్ సరిగా అందకపోవడం) అయినా యాంటీబయాటిక్స్‌తో దాదాపు అందరికీ తగ్గిపోతుంది, కొందరికి కొన్నాళ్ళు పేస్‌మేకర్ పెడతారు. మూతి ఒకవైపుకి లాగినా అంతే, లైమ్ అనుమానం చెప్పండి.