మోకాలి లిగమెంట్ ఆపరేషన్ తర్వాత – 2వ పాఠం: ముందు చాపడం, తర్వాతే మడవడం

పోయిన పాఠంలో చెప్పిన పాదం ఆడించడం, కాలు ఎత్తులో పెట్టుకోవడం, గుడ్డ చుట్టి ఐస్ పెట్టడం ఆపకండి. వాటితో పాటు ఈ వారం పెద్ద పని ఒకటుంది, మోకాలిని పూర్తిగా చాపడం.

అందరూ ఎంత మడత వచ్చిందో చూసుకుంటూ కంగారుపడతారు. మడత మెల్లగా వస్తుంది. రెండో వారం చివరికి 90 డిగ్రీల దాకా వస్తే చాలామందికి సరిపోతుంది. చాపడం అలా కాదు. తొలి వారాల్లో రాకపోతే కీలు లోపల మచ్చ కణజాలం గట్టిపడుతుంది, నడకలో కుంటు మిగిలిపోతుంది.

వెల్లకిలా పడుకుని, మడమ కింద చుట్టిన టవల్ పెట్టండి. పిక్క, మోకాలి వెనక భాగం పరుపుకు తగలకూడదు. కాలు వదులుగా వదిలేస్తే దాని బరువుకే మోకాలు కిందికి దిగుతుంది. 5 నిమిషాలతో మొదలుపెట్టి 10 దాకా, రోజుకు మూడు నాలుగు సార్లు. వెనక లాగుతుంది, అది మామూలే. మోకాలి కింద మాత్రం దిండు పెట్టొద్దు. మూడో రాత్రి నొప్పికి తాళలేక నేను పెట్టుకున్నాను. తెల్లారేసరికి కాలు వంగిన చోటే బిగుసుకుపోయింది, మళ్లీ చాపడానికి రెండు రోజులు పట్టింది.

ఇక తొడ కండరం. వాపు, నొప్పి వల్ల దానికి మెదడు నుంచి ఆజ్ఞ సరిగా అందదు. అందుకే ఎంత బిగించినా కదలనట్టుంటుంది. మోకాలి చిప్పకు కాస్త పైన, లోపలి వైపు రెండు వేళ్లు ఆనించండి. మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి నొక్కండి. చిప్ప తొడ వైపు జరగాలి, వేళ్ల కింద కండరం గట్టిపడాలి. 5 సెకన్లు ఉంచి వదలండి, ఇలా 10 సార్లు. ఊపిరి బిగబట్టొద్దు, పిరుదు ఎత్తొద్దు. ఏమీ కదలకపోతే ముందు మంచి కాలితో చేసి, తర్వాత రెండూ కలిపి చేయండి. నాకు అలాగే వచ్చింది.

మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కు కూడా కుట్లు వేసి ఉంటే మడతకూ, కాలిపై వేసే బరువుకూ సర్జన్ పెట్టిన హద్దులే పాటించండి. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు, జ్వరం, గాయం నుంచి చీము కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఆయాసం లేదా ఛాతీ నొప్పి వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

3వ పాఠంలో కాలు నిటారుగా ఎత్తడం, చంక కర్రలతో మెట్లెక్కడం. అప్పటిదాకా రోజూ సాయంత్రం రెండు కాళ్లూ చాపి పడుకుని, మోకాళ్ల కింద చెయ్యి దూర్చి చూడండి. ఆపరేషన్ కాలి కింద ఖాళీ ఎక్కువుంటే టవల్ పని ఇంకా ఉన్నట్టే.