షావుకారుపేట వెళ్లినప్పుడు జైన మందిరం చూసి రావడం ఎలా

మన నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి పెళ్లి బట్టలకో షాపు సరుకుకో చెన్నై షావుకారుపేట వెళ్లేవాళ్లు చాలామందే, కానీ మింట్ స్ట్రీట్‌లో తెల్ల పాలరాయితో అంత పనితనంగా కట్టిన చంద్రప్రభు జైన మందిరం ముందు నుంచే సంచులు మోసుకుంటూ వెళ్లిపోతుంటారు. ఈసారి దానికి ఒక గంట పెట్టుకోండి.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళితే సెంట్రల్‌లో దిగేసరికి మధ్యాహ్నమే. జైన మందిరాలు మామూలుగా ఆ వేళకు మూసేస్తారు కాబట్టి ముందు కొనుగోళ్లు కానిచ్చి సాయంత్రం వెళ్లండి. చెప్పులే కాదు, తోలు బెల్టు, తోలు పర్సు, తోలు వాచీ పట్టీ కూడా బయటే వదలాలి, అందుకే ఇంటి దగ్గరే బట్ట సంచి, రెగ్జిన్ పర్సు తీసుకుంటే గొడవ ఉండదు. లోపల ఏదీ తినకూడదు, తాగకూడదు. ఫొటోలు అడగకుండా తీయొద్దు.

గర్భగుడిలోకి వెళ్లే ప్రయత్నం చేయకండి. స్నానం చేసి, పూజ బట్టలు కట్టుకుని, ఊపిరి విగ్రహానికి తగలకుండా ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకున్నవాళ్లే లోపలికి వెళ్తారు. తీర్థప్రసాదాల కోసం చూడొద్దు, దేవుడికి పెట్టింది జైనులు తిరిగి తినరు. చంద్రప్రభుడు, ముక్తికి దారి చూపిన గురువులని జైనులు కొలిచే 24 మంది తీర్థంకరుల్లో 8వ వాడు, గుర్తు చంద్రవంక. తీర్థంకరుల విగ్రహాలు చాలావరకు ఒకేలా కనిపిస్తాయి, ఎవరు ఎవరో తేల్చేది పీఠం మీద ఉండే ఆ గుర్తే: ఎద్దు ఉంటే ఆదినాథుడు, సింహం ఉంటే మహావీరుడు.

నాకు అన్నిటికన్నా నచ్చేది బియ్యంతో చేసే పూజ, దాన్ని తప్పకుండా దగ్గర కూర్చుని చూడండి. చిన్న చెక్కపీట మీద బియ్యంతో స్వస్తిక్ దిద్దుతారు, నాలుగు చేతులూ దేవ, మనుష్య, జంతు, నరక జన్మలు. దాని పైన మూడు చిన్న కుప్పలు, అవి సరైన నమ్మకం, సరైన జ్ఞానం, సరైన నడవడి. ఆ పైన చంద్రవంక, ముక్తి పొందినవాళ్లు ఉండే చోటు. మొత్తం మతం ఆ పీట మీదే ఉంటుంది. పూజ చేసుకుంటున్నవాళ్లకీ విగ్రహానికీ మధ్యలోంచి మాత్రం నడవకండి. ఎవరైనా పలకరిస్తే ‘జై జినేంద్ర’ అనండి, సంతోషిస్తారు.

సాయంత్రం ఆరతి దాకా ఉండగలిగితే ఇంకా మంచిది, కాకపోతే తిరుగు బండి టైము చూసుకోండి. సెంట్రల్ దగ్గరే అయినా ఆ వేళకి ఆ సందుల్లో ఆటో కదలదు, సామాను తక్కువుంటే నడిచి వెళ్లడమే మేలు.