కాలు ఎత్తంగనే వెనక జారుతుందా? సిమ్ రేసింగ్ సెటప్‌ల ముందుగాల ఏం మార్చాలె

సిమ్ రేసింగ్‌ల, అంటే స్టీరింగ్, పెడళ్లు పెట్టి కంప్యూటర్ల ఆడే కారు రేసుల, మలుపు మధ్యల యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తియ్యంగనే కారు వెనక బయటికి కొట్టుకపోతే దాన్ని లిఫ్ట్-ఆఫ్ ఓవర్‌స్టీర్ అంటరు. ఇది కనపడంగనే చాలామంది సెటప్‌ల (కారు పార్టుల సర్దుబాట్లల్ల) వెనక వింగ్, అంటే గాలితోని కారును నేలకు అదిమే రెక్క, పెంచుతరు. నిజానికి అది ఆఖరుకు ముట్టుకోవాల్సింది.

మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగే ఆర్టీసీ బస్సుల నిలబడ్డోళ్లను చూస్తే సగం సంగతి అర్థమైతది. డ్రైవర్ బ్రేక్ తొక్కకున్నా, ఉత్తగ కాలు ఎత్తితేనే అందరు ముందుకు ఒరుగుతరు. కార్ల బరువు కూడా అట్లనే ముందు టైర్ల మీదికి పోతది, వెనక టైర్లు తేలికైతయి. దానికి తోడు రియర్ వీల్ డ్రైవ్ (ఇంజన్ వెనక చక్రాలను తిప్పే) కార్ల ఇంజన్ బ్రేకింగ్ (గ్యాస్ తీస్తే ఇంజన్ కారును ఆపే గుంజుడు) అంతా ఆ తేలికైన వెనక టైర్ల మీదనే పడుతది. పక్కకు పట్టాల్సిన పట్టు కొంత ఆ పనికి ఖర్చయితది. కారు వెనక వదులుతది.

సెటప్ తెరిచే ముందు పెడల్ చూడాలె. లాజిటెక్ జీ29 అసొంటి పెడళ్లల్ల పొటెన్షియోమీటర్లుంటయి, అంటే పెడల్ ఎంత తొక్కిర్రో కొలిచే పార్టులు. వాటిల దుమ్ము చేరితే కాలు కదలకున్నా సిగ్నల్ ఎగిరెగిరి పడుతది. మీరు 60 శాతం పట్టుకున్నా గేమ్‌కు ఒక్క క్షణం 20 అందుతది. అంటే మీకు తెల్వకుండనే కాలు ఎత్తినట్టు. ఎండాకాలం కిటికీలు తెరిచిపెట్టే మన పాలమూరు, నల్లగొండ ఇండ్లల్ల ఈ దుమ్ము మామూలే. కాలిబ్రేషన్ స్క్రీన్ మీద పెడల్ నిదానంగ తొక్కి వదిలితే గీత సాఫీగ లేవాలె, దిగాలె. రంపం పండ్ల లెక్క కనిపిస్తే ప్లగ్ తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరినంక మళ్ల చూడాలె. ఈ జబ్బుకు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు ఇంజన్ బలం పంచే గేర్లు, పొట్టిగ డిఫ్) తోని మందు లేదు.

ఇగ పరీక్ష. బెల్జియంల ఉన్న స్పా-ఫ్రాంకోర్‌షాంప్ ట్రాక్ దీనికి బాగుంటది. రివాజ్ అనే నిదానపు కుడి మలుపు, పూహోన్ అనే జోరు ఎడమ మలుపు రెండూ దిగుడుల ఉంటయి, రెండూ పొడుగైనవి. పెట్రోల్ 20 లీటర్లు, వాతావరణం 25 డిగ్రీలు పెట్టి, రెండు మూడు ల్యాపులు టైర్లు వేడి చేసి, రెండు మలుపులల్ల ఒకే చోట కాలు ఎత్తాలె. రివాజ్‌లనే జారితే తప్పు డిఫ్‌ల, సస్పెన్షన్‌ల ఉన్నట్టు. పూహోన్‌లనే జారితే ఏరో బ్యాలెన్స్‌ల, అంటే గాలి అదుముడు ముందు, వెనక పంచుకునే లెక్కల. బ్రేక్ తొక్కుకుంట తిప్పినప్పుడే జారితే అది వేరే కథ: బ్రేక్ బయాస్ (బ్రేక్ బలంల ముందు, వెనక చక్రాల వాటా) అర శాతం చొప్పున ముందుకు జరపాలె. ట్రాక్షన్ కంట్రోల్ పెంచితే లాభం లేదు. అది గ్యాస్ ఇచ్చినప్పుడు పనిచేసేది, తీసినప్పుడు కాదు.

టైర్ ప్రెషర్ సరిగ లేకుంటే మిగతా మార్పులన్నీ అబద్ధం చెప్తయి. అసెట్టో కోర్సా కాంపిటిజియోనే అనే గేమ్‌ల జీటీ3 తరగతి రేస్ కార్లకు పొడి ట్రాక్ మీద వేడెక్కినంక 26 నుంచి 27 పీఎస్ఐ ఉండాలె. వాతావరణం ఒక డిగ్రీ మారితే ప్రెషర్ సుమారు 0.1 పీఎస్ఐ మారుతది. బయట నల్లగొండల 44 డిగ్రీలున్నా గేమ్‌కు పట్టదు, సర్వర్‌ల పెట్టిన డిగ్రీలే లెక్క.

అసలు మందు డిఫరెన్షియల్. కాలు ఎత్తినప్పుడు డిఫ్ ఎంత బిగుసుకుంటే రెండు వెనక చక్రాలు అంత కలిసి తిరుగుతయి, కారు మొండిగ నేరుగ పోవాలని చూస్తది. మనకు కావాల్సింది ఆ మొండితనమే, కొద్దిగ. అసెట్టో కోర్సా అనే గేమ్‌ల కోస్ట్ (కాలు ఎత్తినప్పటి లాక్) శాతాన్ని 5 నుంచి 10 పెంచాలె. ఐరేసింగ్ గేమ్‌ల ర్యాంప్ కోణాలుంటే (డిఫ్ లోపలి వాలు కోణాలు) కోస్ట్ కోణం తగ్గించాలె. అక్కడ కోణం తక్కువైతే లాక్ ఎక్కువ. చాలామంది ఈడనే ఉల్టా చేస్తరు. కాంపిటిజియోనేల కోస్ట్ వేరుగ ఉండదు, ప్రీలోడ్ (డిఫ్‌కు ఎప్పుడూ ఉండే బిగువు) ఒక్కటే. దాన్ని 20, 30 న్యూటన్ మీటర్లు పెంచి చూడాలె. ఎక్కువైందని ఎట్ల తెలుస్తది? రివాజ్‌ల స్టీరింగ్ తిప్పినా ముక్కు లోపలికి రాదు, ముందు టైర్లు అరుస్తయి. అప్పుడు సగం వెనకకు తేవాలె. ఇంజన్ బ్రేకింగ్ మార్చే సౌలత్ కారుల ఉంటే అది తగ్గించడం ఇంకా తేలిక.

జారుడు కాలు ఎత్తిన మరుక్షణమే వచ్చి, తర్వాత కారు తనంతట తనే సర్దుకుంటే, అనుమానం డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) మీద. వెనక లేచేటప్పుడు రియర్ స్లో రీబౌండ్ (వెనక డ్యాంపర్ నిదానంగ సాగేటప్పటి బిగువు) మరీ గట్టిగ ఉంటే చక్రాన్ని పైకి గుంజి పట్టినట్టయితది, టైర్ మీద బరువు ఇంకా తగ్గుతది. రెండు క్లిక్కులు తగ్గించాలె. ఫ్రంట్ స్లో బంప్ (ముందు డ్యాంపర్ నిదానంగ నలిగేటప్పటి బిగువు) కూడా ఒక క్లిక్ తగ్గిస్తే ముందు టైర్లు అంత గబుక్కున కరవవు. జారుడు మలుపు పొడుగునా ఉంటే డ్యాంపర్లను ఇడిసిపెట్టి, వెనక యాంటీ రోల్ బార్ (మలుపుల కారు పక్కకు ఒరగకుండ పట్టే కడ్డీ) ఒక మెట్టు మెత్తగ చెయ్యాలె. చాలకుంటే ముందు బార్ ఒక మెట్టు గట్టిగ. స్ప్రింగులు దాని తర్వాతనే. వెనక టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండుడు) 0.05 డిగ్రీలు పెంచితే నిలకడ వస్తది కానీ టైర్ వేడి, అరుగుదల పెరుగుతయి. గంట రేసుల అది చివరి ఇరవై నిమిషాలకు తెలుస్తది.

పూహోన్ జబ్బుకు ముందుగాల రేక్ (ముక్కు కన్న వెనక ఎంత ఎత్తుందో ఆ తేడా) చూడాలె. కాలు ఎత్తితే ముక్కు దిగి, వెనక లేచి, డౌన్‌ఫోర్స్ (గాలి అదుముడు) ముందుకు జరుగుతది. వెనక ఎత్తు 2 మిల్లీమీటర్లు దించాలె. ముందు బంప్‌స్టాప్ రేంజ్ (సస్పెన్షన్ రబ్బరు దిమ్మెకు తాకే ముందు కదిలే ఖాళీ) తగ్గిస్తే ముక్కు మునుగుడు కూడా ఆగుతది. ఇవన్నీ అయినంకనే వింగ్ ఒక మెట్టు. వింగ్ బలం వేగం వర్గంతోని పెరుగుతది: 160 కిలోమీటర్ల వేగంల ఇచ్చే బలంల 80 దగ్గర నాలుగో వంతే మిగులుతది. అందుకే నిదానపు మలుపుల జారుడుకు వింగ్ పెంచుడంటే స్ట్రెయిట్‌ల వేగం పోగొట్టుకునుడే.

ఒకసారి ఒక్కటే మార్చి, మూడు ల్యాపులు తిరిగి, కొత్త పేరు తోని సేవ్ చెయ్యాలె. కాంపిటిజియోనేల ఎలక్ట్రానిక్స్ పేజీల టెలిమెట్రీ (కారు కదలికల రికార్డు) ల్యాపులు పెట్టుకుంటే మోటెక్ అనే సాఫ్ట్‌వేర్‌ల థ్రాటిల్ గీత, స్టీరింగ్ గీత పక్కపక్కన చూడొచ్చు. థ్రాటిల్ 100 నుంచి 0 కు నిటారుగ పడి, ఆ వెంటనే స్టీరింగ్ ఉల్టా దిక్కు తిరిగితే సగం తప్పు కాలిది. 10, 15 శాతం గ్యాస్ పట్టి ఉంచితే అదే సెటప్‌ల కారు నిలబడుతది. ఇంజన్ వెనక యాక్సిల్‌కు అవతల ఉండే పోర్షే 911 జీటీ3 ఆర్ అసొంటి కార్లకు ఇది తప్పదు, ఏ సెటప్ పెట్టినా.

ఈ జారుడును పూర్తిగ చంపొద్దు కూడా. కాలు కొంచెం ఎత్తితే ముక్కు కొంచెం లోపలికి రావాలె, రివాజ్‌ల టైమ్ అక్కడనే దొరుకుతది. ఉల్టా స్టీరింగ్ అవసరం పడకుంటే చాలు.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లల్ల లెక్క కొంచెం మారుతది. ఇంజన్ బ్రేకింగ్ ముందు చక్రాలకే పోతది, అయినా వెనక తేలికై జారుతది. అండర్‌స్టీర్ (ముక్కు తిరగక నేరుగ పోవుడు) పోవాలని వెనక యాంటీ రోల్ బార్ బాగ బిగించుడే ఎక్కువసార్లు కారణం. అది మెత్తగ చేసి, ముందు డిఫ్‌ల కోస్ట్ లాక్ కొంచెం పెంచాలె. వీటిల వెనక టైర్లు నిదానంగ వేడెక్కుతయి, మొదటి రెండు ల్యాపులు జోరు మలుపుల కాలు ఒక్కసారి ఎత్తొద్దు. ఆ రెండు ల్యాపుల స్పిన్ చూసి సెటప్ మారిస్తే, టైర్లు వేడెక్కినంక కారు తిరగనే తిరగదు.