దురద ఇద్దరికి, మందు ఇంటిల్లిపాదికీ

గాజువాకలో అద్దె ఇల్లు మారిన వేసవిలోనే మా ఆయనకి వేళ్ల సందుల్లో, నడుం చుట్టూ చిన్న పొక్కులు లేచాయి. విశాఖ ఉక్కపోత కదా, చెమటకాయలే అనుకుని పౌడర్ చల్లాం. నెల తిరిగేసరికి నాకూ మొదలైంది. పగలు ఎలాగో ఓర్చుకునేదాన్ని. రాత్రి దుప్పటి కప్పుకుంటే చాలు, ఇద్దరికీ జాగారమే. మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే ఎరుపు తగ్గింది గానీ పొక్కులు ఇంకా పాకాయి. డాక్టర్ని అడక్కుండా అది రాసినందుకు ఇప్పటికీ బాధే.

చర్మవ్యాధుల డాక్టరుగారు వేళ్ల సందులు చూసి గజ్జి అన్నారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "శుభ్రత లేక కాదమ్మా, సన్నటి పురుగు చర్మాన్ని తొలిచి గుడ్లు పెడుతుంది, పక్కపక్కన పడుకుంటే అంటుకుంటుంది" అన్నారు. మొదటిసారి సోకితే దురద రావడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చట. నాకు ఆలస్యంగా రావడం అందుకే.

ఆ పురుగుని చంపే 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ ఇద్దరం ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసుకుని పొద్దున్నే స్నానం చేశాం. దురద బయటపడకముందే అంటుకుని ఉండొచ్చు కదా, అందుకే దురదే లేని అత్తయ్యగారికీ రాశాం. వారం తర్వాత మళ్లీ ఒకసారి. దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికి ఎండేశాం. ఉతకలేనివి వారం పాటు సంచిలో మూటకట్టి ఉంచాం.

దురద ఇంకో 3 వారాలు ఉంది. పురుగు చచ్చినా కొన్నాళ్లు ఉంటుందని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి కంగారుపడి మళ్లీ రాయలేదు.