ఆషాఢంలో తీయాల్సిన భయం

సైన్స్ ఫిక్షన్ హారర్ అనగానే మన కుర్రాళ్లు గ్రాఫిక్స్ ఖర్చు లెక్క వేసుకుని అక్కడే ఆగిపోతున్నారు. గుంతకల్లులో పెళ్లి వీడియోలు తీసి బతికే మనిషిగా చెబుతున్నాను, ఈ రకం సినిమాకు మన అనంతపురం జిల్లా కన్నా అనువైన చోటు నాకు కనబడదు. కావాల్సింది ఒకే ఒక్క అబద్ధం. దాని చుట్టూ ఉన్నవన్నీ ఇక్కడి నిజాలై ఉండాలి.

నిజం నుంచే మొదలుపెట్టండి. తొలకరి పడగానే వజ్రకరూరు చేలలోనూ, అటు కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపూ జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. వజ్రకరూరులో వాటిని పైకి మోసుకొచ్చిన రాయి పేరు కింబర్లైట్. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట, 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి అది ఎగదన్నుకొచ్చింది. ఇక రాయి అసలుదో కాదో చూడటానికి నోటితో ఆవిరి ఊదే పాత పరీక్ష ఒకటుంది. వజ్రంలో వేడి రాగిలో కన్నా దాదాపు అయిదు రెట్లు బాగా ప్రవహిస్తుంది. అందుకే దాని మీద పట్టిన ఆవిరి చూస్తుండగానే మాయమవుతుంది.

ఇప్పుడు అబద్ధం. ఒక అవ్వకు దొరికిన రాయి మీద ఊదిన ఆవిరి పోలేదు. తెల్లారేసరికి ఇంకా చిక్కబడింది. ఆ రాయి ఊపిరిని దాచుకుంటోంది.

అక్కడితో ఆపండి. గ్రహాంతరవాసి, రహస్య ప్రయోగశాల, ఊరి శాపం అంటూ తెచ్చి కలిపితే భయం పలచబడుతుంది. ‘ఎవరు ఊదితే వారి ఊపిరి తగ్గుతుంది’ అని కాగితం మీద రాసి గోడకు అంటించి, రాసే ప్రతి సన్నివేశాన్నీ దానితో సరిచూడండి. అవ్వ ఊదింది, మనవడు ఊదాడు, కొనడానికి వచ్చిన వ్యాపారి ఊదాడు. వ్యాపారి గుమ్మం ముందు నిలబడి రాయిని నోటి దగ్గరకు తీసుకుంటున్నప్పుడు ప్రేక్షకుడికి జరగబోయేది ముందే తెలుసు. ఆ తెలియడంలోనే భయం ఉంది, దానికి పైసా ఖర్చు లేదు.

చిత్రీకరణ ఆషాఢంలో పెట్టుకోండి. ఆ నెలలో ముహూర్తాలుండవు కాబట్టి పెళ్లిళ్లకు తిరిగే కెమెరాలు, లైట్లు, వాటిని నడిపే మనుషులూ ఖాళీగా ఉంటారు, అద్దె తగ్గించమని అడగవచ్చు. వజ్రాల వేటా అప్పుడే సాగుతుంటుంది. మబ్బు పట్టే రోజులూ ఎక్కువే, కాబట్టి ముఖాల మీద ఎండ నీడలు మారిపోవు. అయితే అది వేరుశనగ విత్తే కాలం కూడా. చేలో అడుగుపెట్టే ముందు ఆ రైతును అడగండి, విత్తిన సాళ్లు తొక్కకండి. ఒక దుక్కి దున్నిన బీడు మాట్లాడుకుని, ఆయనకు ఎంతో కొంత ముట్టజెప్పడం న్యాయం.

రాయికి కిరాణా కొట్లో పటిక కొనండి. దిష్టికి గుమ్మానికి కట్టే ఆ పటికే. వజ్రమూ పటికా రెండూ సహజంగా ఎనిమిది ముఖాల స్ఫటికాలుగా పెరుగుతాయి, కాబట్టి మన రాయి రూపంలో మోసం తక్కువ. వేడినీళ్లలో ఇక కరగదనేంత వరకు పటిక పొడి కలిపి, వడగట్టి, చల్లారాక ఒక చిన్న పలుకును దారానికి కట్టి అందులో వేలాడదీయండి. గాజు సీసాను కదపకుండా ఉంచితే కొద్ది రోజుల్లో అంచులు తేరిన స్ఫటికం వస్తుంది. పక్కన ఫోను నిలబెట్టి, కొన్ని నిమిషాలకొక ఫొటో పడేలా పెడితే రాయి పెరిగే దృశ్యం మీ చేతికొస్తుంది. ఏ గ్రాఫిక్స్‌తోనూ ఆ నిజాయితీ రాదు. పెరిగిన రాయికి రంగులేని గోళ్ల పాలిష్ రెండు పూతలు వేయండి, లేకపోతే తడికి కరుగుతుంది. రాయి మీద ఆరిపోకుండా నిలిచే ఆవిరి కోసం గ్లిజరిన్, నీళ్లు సమానంగా కలిపి సన్నటి తుంపరగా చిమ్మండి. లైట్ల వేడికి కూడా ఆ బొట్లు తొందరగా ఆరవు.

రాయి లోపల ఏముందో ఒక్కసారి, చివరి భాగంలో మాత్రం చూపించండి. దానికి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్లాలి. తోలుబొమ్మల ఊరు అది, అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును గీకి, ఆరబెట్టి, వెలుగు దూరేంత పలచగా చేస్తారు. అలాంటి తోలుతో రెండు ఊపిరితిత్తుల ఆకారం చేయించి, నరాల దారుల్లో సన్న రంధ్రాలు కొట్టించండి. ఒకప్పుడు నిజంగా ప్రాణమున్న చర్మం కాబట్టి వెనక దీపం పెట్టగానే మనసు ముందు బెదురుతుంది, ఆలోచన తర్వాత వస్తుంది. వెనక ఎల్‌ఈడీ బల్బు వాడండి, వేడి లైటు పెడితే తోలు ముడుచుకుంటుంది. బల్బును చేత్తో పట్టుకుని మెల్లగా దగ్గరకూ దూరంగానూ జరిపితే తిత్తులు ఊపిరి తీసినట్లుంటుంది. చేసిన వారికి అడిగినంత ఇవ్వండి, టైటిల్స్‌లో వారి పేరు నటుల పేర్లతో సమానమైన అక్షరాల్లో వేయండి.

శబ్దానికి మాత్రం సగం శ్రమ పెట్టాలి. ఈ సినిమాలో రాక్షసుడు శ్వాసే. ఆషాఢపు గాలి మైకును కొట్టి అంతా పాడుచేస్తుంది కాబట్టి బయట మైకుకు బొచ్చు తొడుగు తప్పనిసరి, కీలకమైన శ్వాసలన్నీ గదిలోనే రికార్డు చేయండి. ఫ్యాను ఆపి, ఫ్రిజ్ తీసేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి అర్ధరాత్రి కూర్చోండి. గుంతకల్లులో రైళ్ల కూత రాని రాత్రి ఉండదు, అందుకే నేను పల్లెలో తెలిసినవాళ్ల ఇల్లు అడుగుతాను. ఖాళీ మట్టికుండలో మూతి పెట్టి ఊపిరి తీస్తే ఒక గొంతు, స్టీలు బిందెలో తీస్తే ఇంకో గొంతు వస్తుంది. అవ్వకు కుండ, వ్యాపారికి బిందె ఇవ్వండి. ప్రతి చోటా ఎవరూ కదలకుండా అర నిమిషం ఖాళీ గది శబ్దం కూడా పట్టుకోండి. నిశ్శబ్దం కావాలని శబ్దాన్ని పూర్తిగా కోసేస్తే సినిమా ఆగిపోయిందనిపిస్తుంది, అక్కడ ఆ గది శబ్దం పరవాలి.

కెమెరా సంగతి క్లుప్తంగా. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం సెకనులో యాభయ్యో వంతు పెట్టుకుంటే ట్యూబులైటు మినుకుమినుకులు పడవు. రాత్రి దృశ్యాలు సందెవేళ, ఆకాశం ఫ్రేములోకి రాకుండా, కాస్త చీకటిగా తీయండి. కోటలు, గుహలు చూసి ఆశపడకండి. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో చిత్రీకరణకు ముందే అనుమతి తీసుకోవాలి, ఆ తిరుగుడుకు పట్టే కాలంలో ఒక మిద్దె ఇంట్లో సగం సినిమా అయిపోతుంది. హాల్లో టిక్కెట్టు పెట్టి ఆడించాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలని మాత్రం ఖర్చుల్లో రాసుకోండి.

కూర్పు పూర్తయ్యాక హెడ్‌ఫోన్లలో ఒకసారి, తర్వాత మామూలు ఫోను స్పీకరులో ఒకసారి వినండి. ఎక్కువమంది చూసేది ఫోనులోనే. లోతైన గురగుర శబ్దాలు అంత చిన్న స్పీకరులో వినపడనే వినపడవు, శ్వాసలోని సన్నటి బుస మాత్రం వినపడుతుంది. భయపెట్టే ప్రతి చోటా ఆ బుస స్పష్టంగా ఉందో లేదో చూసి, లేనిచోట పెంచి, అప్పుడు విడుదల చేయండి.