పెద్ద ఆపరేషన్‌కు ముందు చేతి కఫ్‌తో రిమోట్ ఇస్కీమిక్ ప్రీకండిషనింగ్: చేసే తీరు

బైపాస్, వాల్వు మార్పిడి, బృహద్ధమని ఆపరేషన్లలో గుండెకూ కిడ్నీలకూ కాసేపు రక్తం తగ్గుతుంది, తర్వాత ఒక్కసారిగా అందుతుంది. ఆగినప్పుడు కొన్ని కణాలు దెబ్బతింటాయి, తిరిగి వచ్చినప్పుడు మరికొన్ని. దానికి ముందే చేతికి అయిదేసి నిమిషాలు రక్తం ఆపి వదిలితే, అక్కడ పుట్టే సంకేతాలు రక్తంలోనూ నరాల ద్వారానూ వెళ్లి దూరపు అవయవాలను రాబోయే దెబ్బకు సిద్ధం చేస్తాయన్నది రిమోట్ ఇస్కీమిక్ ప్రీకండిషనింగ్ అనే ఈ పద్ధతికి ఆధారం. 1986లో కుక్క గుండెలో రక్తనాళాన్ని అయిదు నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిస్తే, ఆ తర్వాత వచ్చిన గుండెపోటులో చచ్చిన కండ బాగా తగ్గిందని చూశారు. అవయవాన్ని ముట్టుకోకుండా దూరం నుంచే అదే పని చేయవచ్చన్న ఆలోచన 1993లో మొదలై, చివరికి చేతి కఫ్ దాకా వచ్చింది.

తిరుపతిలోని స్విమ్స్, రుయా లాంటి పెద్దాసుపత్రుల మత్తు విభాగాల్లో పనిచేసే పీజీలు, ఓ.టి. టెక్నీషియన్ల కోసం రాస్తున్నది ఇది. ఇంట్లో బి.పి. మిషన్‌తో చేసుకునే పని కాదు. ఆసుపత్రిలో కూడా ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న ప్రోటోకాల్ కింద, పేషంటు సంతకం తీసుకున్నాకే చేయాలి.

ముందు ఏ చెయ్యి అనేది తేల్చుకోండి. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ధమనిని సిరతో కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి ఎంత తొందరలోనూ కఫ్ వేయొద్దు, ఫిస్టులా గడ్డకట్టిపోతుంది. రొమ్ము ఆపరేషన్‌లో చంక గడ్డలు తీసిన వైపు, వాపున్న చెయ్యి, పుండున్న చెయ్యి, రక్తనాళాల జబ్బుతో నాడి సరిగా అందని చెయ్యి, బైపాస్ కోసం రేడియల్ ధమని (మణికట్టు నాడి చూసే రక్తనాళం) తీయబోయే చెయ్యి కూడా వద్దు. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు) ఉన్నవాళ్లకు అసలే చేయకూడదు. సెలైన్, ఎ-లైన్ (బి.పి. చూసేందుకు ధమనిలో పెట్టే సన్న గొట్టం), మామూలు బి.పి. కఫ్ అన్నీ రెండో చేతికి మార్చండి. కఫ్ బిగించి ఉన్నప్పుడు కండరాలు సడలించే మందు ఇస్తే అది ఆ చేతికి చేరదు. మిగతా ఒళ్లంతా కదలకున్నా ఆ చెయ్యి మాత్రం కదులుతుంది, చూసినవాళ్లు మత్తు చాల్లేదేమోనని కంగారు పడతారు.

మన వైపు చాలామంది దండచేతికి తాయెత్తు కట్టుకుంటారు. కఫ్ కింద అది ఉంటే అక్కడే చర్మం నలిగి బొబ్బ లేస్తుంది. ఊరకే కోసేయకుండా, వాళ్లనడిగి విప్పి రెండో చేతికి కట్టండి. గాజులు మణికట్టు నాడిని దాస్తాయి కాబట్టి పైకి జరిపి టేపు వేస్తే సరిపోతుంది.

మానిటర్‌కున్న ఆటోమేటిక్ కఫ్ ఈ పనికి పనికిరాదు. ఎక్కువసేపు ఒత్తిడి నిలవకుండా భద్రత కోసం అదే గాలి వదిలేస్తుంది. చేత్తో పంపు కొట్టే బి.పి. మిషన్ గానీ, టైమరున్న టూర్నికెట్ మిషన్ (చెయ్యి బిగించి రక్తం ఆపేది) గానీ తీసుకోండి. కఫ్ లోపలి గాలి సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో దాదాపు 40 శాతం ఉండాలి. లావు చేతికి సన్న కఫ్ వేస్తే ముల్లు 200 చూపించినా లోపల ధమని మూసుకోదు. కింద మెత్తటి కాటన్ రోల్ ఒక చుట్టు చుట్టి, మడతల్లేకుండా సరిచేయండి.

ఒత్తిడి 200 ఎం.ఎం. పెట్టండి, లేదా సిస్టోలిక్ (బి.పి.లో పై అంకె) మీద కనీసం 50 ఎక్కువ. రెంటిలో ఏది పెద్దదైతే అది. సిస్టోలిక్ 170 ఉంటే 220 అన్నమాట. 5 నిమిషాలు బిగించి, 5 నిమిషాలు పూర్తిగా వదలాలి. ఇలా మూడు లేదా నాలుగు సార్లు, అంటే 30 నుంచి 40 నిమిషాలు.

బిగించాక అసలు పని చెయ్యి చూడటమే. ఆ చేతి వేలికి సాచురేషన్ ప్రోబ్ పెట్టండి (పేషంటును గమనించే ప్రోబ్ వేరే చేతికి ఉండాలి). తెర మీద దాని అల పూర్తిగా చదునైతేనే రక్తం ఆగినట్టు. అరచెయ్యి, గోళ్లు పాలిపోవాలి. నీలిరంగు తిరిగి చెయ్యి ఉబ్బిందంటే ఒత్తిడి సిస్టోలిక్ కన్నా కిందికి జారింది, ధమనిలో రక్తం వస్తూనే ఉంది, సిరల్లోంచి పోవడం లేదు. దీనితో నొప్పి తప్ప ప్రయోజనం లేదు, ఆ విడత లెక్కలోకి రాదు. పాత కఫ్ గొట్టాలు మెల్లగా గాలి కారుస్తాయి కాబట్టి నిమిషానికోసారి ముల్లు చూసి పంపు కొట్టండి. వదిలినప్పుడు అరచెయ్యి ఎర్రబడి వెచ్చబడాలి, అల తిరిగి రావాలి. రాకపోతే తర్వాతి విడతకు పోవద్దు.

మత్తు ఇచ్చాక చేస్తే పేషంటుకు నొప్పి తెలియదు. మెలకువగా ఉన్నప్పుడే చేయాల్సి వస్తే ముందే చెప్పండి: “చెయ్యి తిమ్మిరెక్కతాదవ్వా, అయిదు నిమిషాలు ఓర్చుకో, మళ్లీ ఇడిచిపెడతాం.” ఓర్చుకోలేనంటే ఆపేయాలి. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఇవ్వకముందే ముగించండి, లేకుంటే కఫ్ కింద ఎర్రచుక్కలు, కమిలిన మచ్చలు వస్తాయి. దీనివల్ల వచ్చే రక్షణ రెండు దశలు: మొదటిది కొద్ది గంటల్లోనే తగ్గిపోతుంది, రెండో దశ దాదాపు 24 గంటల తర్వాత మొదలై 72 గంటల దాకా ఉంటుంది. అందుకే థియేటర్ ఖాళీ లేక కేసు మధ్యాహ్నానికి జరిగిందంటే పొద్దున చేసింది లెక్కలోకి తీసుకోకండి.

ఫలితాల సంగతి పేషంటుకు దాచకండి. 2015లో జర్మనీలో కిడ్నీ ముప్పు ఎక్కువున్న 240 మంది గుండె పేషంట్లలో, ఇది చేసినవాళ్లలో 37.5 శాతానికి, చేయనివాళ్లలో 52.5 శాతానికి కిడ్నీ దెబ్బతింది. అదే ఏడాది బ్రిటన్‌లో 1,612 మంది మీద, జర్మనీలోనే దాదాపు 1,400 మంది మీద చేసిన పెద్ద పరీక్షల్లో మరణాలు, గుండెపోట్లు వంటివి తగ్గలేదు. ఆ రెండింటిలో ప్రొపోఫాల్ (సిరలోకి ఇచ్చే మత్తుమందు) ఎక్కువ వాడారు, అది ఈ సంకేతాన్ని మొద్దుబారుస్తుందని అనుమానం. షుగరు జబ్బు, దానికి వాడే గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు కూడా ప్రయోగాల్లో అడ్డుపడ్డాయి. కాబట్టి సెవోఫ్లురేన్, ఐసోఫ్లురేన్ వంటి గ్యాస్ మత్తుతో చేసే కేసుల్లో, కిడ్నీ ముప్పున్నవాళ్లకు ప్రయత్నించడమే సబబని మా అభిప్రాయం. కఫ్ వేశాం కదా అని ద్రవాలు, బి.పి., నొప్పి మాత్రల జాగ్రత్త తగ్గిస్తే ఉన్న కిడ్నీ కూడా పోతుంది.

మత్తు చార్టులో ఏ చెయ్యి, ఎంత ఒత్తిడి, ప్రతి విడత బిగించిన, వదిలిన సమయం, అల చదునైందా లేదా రాయండి. తర్వాత గంటగంటకూ మూత్రం కొలవండి: కిలోకు గంటకు 0.5 మి.లీ. కన్నా తక్కువ ఆరు గంటలు సాగినా, 48 గంటల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) డెసిలీటరుకు 0.3 మి.గ్రా. పెరిగినా కిడ్నీ దెబ్బ మొదలైనట్టే. పలమనేరు, పీలేరు వైపు వెళ్లిపోయే పేషంట్లు మళ్లీ పరీక్షకు రావడం కష్టం, అందుకే డిశ్చార్జి నాటి క్రియాటినిన్ తప్పకుండా చూసి, ఆ అంకె కాగితం మీద రాసి చేతికివ్వండి.